హాటన్ గార్డెన్ కన్నం: పాత ఖైదీల అనుభవం ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ ముంచింది

దొంగతనం థ్రిల్లర్ అనగానే మనందరికీ అలవాటైన కథ ఒకటుంది. జైలు నుంచి బయటికొచ్చిన పాత ఖైదీ, చేతిలో డబ్బుండదు, వయసు మీద పడుతుంటుంది, ఇదే ఆఖరిసారి అనుకుని ఒక పెద్ద పని నెత్తికెత్తుకుంటాడు, పాత సావాసగాళ్లను పోగేస్తాడు, ఎవరివల్లా కాదన్న ఖజానా తెరుస్తాడు. ఆ కథలో అతని జైలు జీవితమే అతని పెట్టుబడి. ఎక్కడెక్కడ దెబ్బతిన్నాడో అతనికి తెలుసు కాబట్టి ఈసారి దెబ్బతినడు అని మనం నమ్ముతాం. చూసేవాళ్ల టెన్షన్ అంతా గోడ దగ్గర, అలారం దగ్గర, కాపలావాడి అడుగుల చప్పుడు దగ్గర ఉంటుంది. సొత్తు బయటికొచ్చాక కథ దాదాపు అయిపోయినట్టే.

2015 ఏప్రిల్‌లో లండన్‌లో ఇలాంటి కథ నిజంగానే జరిగింది. పాత ఖైదీలు, పండగ సెలవులు, కాంక్రీటు గోడకు కన్నం, కోటీ నలభై లక్షల పౌండ్ల నగలు. అప్పటి మారకంలో దాదాపు 130 కోట్ల రూపాయలు. దీని మీద సినిమాలు వచ్చాయి, టీవీ సిరీస్ వచ్చింది. కానీ కోర్టులో బయటపడ్డ వివరాలు వరసగా పెట్టుకుని చూస్తే, ఆ ఖైదీల అనుభవం గోడ దాకా బ్రహ్మాండంగా పనిచేసిందని, గోడ దాటిన మరుక్షణం నుంచి వాళ్లకే ఎదురు తిరిగిందని అర్థమవుతుంది. ఈ కేసులో అసలు ఆసక్తి అక్కడే ఉంది.

హాటన్ గార్డెన్ అంటే లండన్ నడిబొడ్డున ఉన్న నగల వీధి. వజ్రాల వ్యాపారులు, నగలు పొదిగేవాళ్లు, టోకు బంగారం అమ్మేవాళ్లు పక్కపక్కనే ఉంటారు. అక్కడ 88-90 నంబరు భవనం బేస్‌మెంట్‌లో హాటన్ గార్డెన్ సేఫ్ డిపాజిట్ అనే ప్రైవేటు లాకర్ల కంపెనీ ఉండేది. మొత్తం 999 లాకర్లు. సాయంత్రం షాపు కట్టేసేటప్పుడు సరుకు తెచ్చి అక్కడ పెట్టి, మర్నాడు పొద్దున తీసుకుపోయే వ్యాపారులు చాలామంది. ఆ ఏడాది గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3, ఈస్టర్ సోమవారం ఏప్రిల్ 6. ఆ వీధిలో యూదు వ్యాపారులు ఎక్కువ, వాళ్ల పాసోవర్ పండగ కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే పడింది. అంటే గురువారం సాయంత్రం తాళం పడితే మళ్లీ మంగళవారం పొద్దున్నే తీసేది. పైగా పండగకి సరుకు బయట పెట్టుకోకుండా లాకర్లలో పెట్టి వెళ్తారు. దొంగలకు ఇంతకంటే మంచి ముహూర్తం ఏడాది మొత్తంలో దొరకదు.

గురువారం, ఏప్రిల్ 2 రాత్రి. సిబ్బంది వెళ్లిపోయాక ఒక మనిషి ఎర్ర విగ్గు పెట్టుకుని, నల్ల సంచీ భుజం మీదేసి మొహం కెమెరాకి దొరక్కుండా చూసుకుంటూ, భవనం ముందు తలుపు తాళంచెవితోనే తీసుకుని లోపలికి వెళ్లాడు. మిగతా ముఠా అతన్ని పిలిచే పేరు బాసిల్. అతను లోపలి నుంచి ఫైర్ ఎగ్జిట్ తలుపు గడియ తీస్తే, పక్క వీధిలో వ్యాన్ ఆపుకుని పనివాళ్ల రిఫ్లెక్టర్ జాకెట్లలో ఉన్న మిగతావాళ్లు చక్రాల చెత్తడబ్బాల్లో సామాను పెట్టుకుని లోపలికొచ్చారు. తాళంచెవి అతని చేతికి ఎలా వచ్చిందన్నది విచారణ అంతా అయ్యాక కూడా తేలలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత అందరికీ గుర్తొచ్చే చోటు ఇదే, అయితే లోపలి మనిషి ఉన్నాడని కూడా ఎవరూ నిరూపించలేదు.

లిఫ్టును రెండో అంతస్తులో నిలిపేసి, ఖాళీ అయిన లిఫ్టు గోతిలోంచి బేస్‌మెంట్‌లోకి దిగారు. ఫోను కేబుల్ కోశారు, అలారం సిగ్నల్ పంపే యాంటెన్నాను పాడు చేశారు. ఆ తర్వాత వాల్ట్ (లాకర్లుండే పటిష్ఠమైన గది) తలుపు జోలికే వెళ్లలేదు. అనుభవం అంటే ఇదే. డబ్బంతా పోసి బలంగా కట్టేది తలుపునే అని, పక్కనున్న గోడ ఎంత మందమైనా అది కేవలం కాంక్రీటేనని వాళ్లకి తెలుసు.

ఆ గోడ మందం అర మీటరు. దానికి వాడింది హిల్టి కంపెనీ డీడీ350 అనే డైమండ్ కోర్ డ్రిల్. ఇళ్ల నిర్మాణంలో పైపుల కోసం స్లాబుకు గుండ్రటి రంధ్రాలు చేసే రకం యంత్రం. గొట్టం లాంటి బిట్ అంచున పారిశ్రామిక వజ్రాలు పొదిగి ఉంటాయి, నీళ్లు పోస్తూ తిప్పితే కాంక్రీటును, లోపలున్న ఇనప కడ్డీలను కలిపి అరగదీసుకుంటూ పోతుంది, చివరికి స్తంభం లాంటి ముక్క బయటికొస్తుంది. సుత్తితో కొట్టినట్టు దడదడలాడదు కాబట్టి పక్క భవనాలకు అదురు పెద్దగా తెలియదు. ఒకదానిమీద ఒకటి పడేలా మూడు వృత్తాలు వరసగా తొలిచారు. తయారైన కన్నం కొలతలు 45 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల ఎత్తు. సన్నటి మనిషి పక్కకి ఒరిగి పాక్కుంటూ దూరగలిగేంత.

కన్నం పూర్తయ్యాక తెలిసింది, గోడకు అవతల నేలకీ పైకప్పుకీ బోల్టులతో బిగించిన లాకర్ల ఇనప బీరువా అడ్డంగా ఉందని. దాన్ని నెట్టి పడెయ్యడానికి హైడ్రాలిక్ పంపు తెచ్చుకున్నారు, అది పనిచేస్తూ పనిచేస్తూ చెడిపోయింది. శుక్రవారం పొద్దున తెల్లవారిపోయింది. రాత్రంతా చాకిరీ చేసి ఒక్క పెట్టె కూడా తెరవకుండా వట్టి చేతులతో బయటికొచ్చారు.

ఈ కేసులో అన్నిటికంటే ఆలోచించదగ్గ ఘట్టం ఇదే, సినిమాల్లో దీనికి ఇవ్వాల్సినంత చోటు ఎప్పుడూ దొరకదు. కన్నం వేసి ఉంది. ఏ నిమిషమైనా ఎవరైనా చూడొచ్చు. మళ్లీ వెళ్లడమంటే పోలీసులు లోపల కూర్చుని ఉండొచ్చు అని తెలిసి వెళ్లడం. ఆ పరిస్థితిలో ముఠాలో అందరికంటే పెద్దవాడు, అందరికంటే అనుభవం ఉన్నవాడు, అప్పటికి 76 ఏళ్ల బ్రయన్ రీడర్, ఇక నేను రాను అని వెళ్లిపోయాడు. అతను ఆ పనికి వచ్చింది కూడా వేరే మనిషి పేరు మీదున్న వృద్ధుల ఉచిత పాస్‌తో బస్సెక్కి. శనివారం రాత్రి మిగతావాళ్లు తిరిగొచ్చేసరికి తాము తెరిచి ఉంచిన ఫైర్ ఎగ్జిట్ తలుపు లోపల గడియ పడి ఉంది. అది చూసి కార్ల్ వుడ్ అనే ఇంకొకడు కూడా వెనుదిరిగాడు. మిగిలింది బాసిల్, టెర్రీ పెర్కిన్స్, డానీ జోన్స్, బయట కాపలాకి కెన్నీ కాలిన్స్. వాళ్లు లోపలికి వెళ్లారు, కొత్త పంపుతో బీరువాను పడేశారు, ఆదివారం తెల్లవారేలోగా 73 లాకర్లు పగలగొట్టి చక్రాల డబ్బాల నిండా నగలతో బయటపడ్డారు.

రీడర్ వెళ్లిపోవడం పిరికితనం అని అతని సావాసగాళ్లు తర్వాత తిట్టుకున్నారు. నిజానికి ఆ రాత్రి ముఠాలో సరైన లెక్క వేసింది అతనొక్కడే. ముఠా మొత్తానికి అప్పటికి పోయింది ఒక రాత్రి, కొంత సామాను. ఆగిపోతే పెద్ద నష్టం లేదు. కానీ మూడేళ్లుగా శుక్రవారం శుక్రవారం పబ్‌లో కూర్చుని వేసిన ప్లాను, కళ్లముందు తొలిచిన కన్నం, అవతల చేతికందేంత దూరంలో లాకర్లు, ఇవన్నీ ఉన్నప్పుడు ఆగడం మామూలు మనిషి వల్ల కాదు. జూదంలో పోగొట్టుకున్నవాడు లేవలేనట్టే వాళ్లూ లేవలేకపోయారు. మళ్లీ వెళ్లాలన్న ఆ నిర్ణయమే వాళ్లకు సొత్తు ఇచ్చింది, సాక్ష్యాలు కూడా ఇచ్చింది. ఎందుకంటే కొత్త పంపు కావాలంటే షాపుకి వెళ్లాలి. శనివారం జోన్స్ ట్వికెన్‌హామ్‌లో ఒక యంత్రాల దుకాణానికి వెళ్లి పంపు, గొట్టం కొన్నాడు. బిల్లు మీద పేరు వి. జోన్స్ అని రాయించాడు, చిరునామాలో తాను నిజంగా ఉండే వీధి పేరే చెప్పాడు. మూడేళ్ల ప్లానులో లేని ఒక్క పని అది, అందుకే దానికి సిద్ధంగా ఉంచుకున్న అబద్ధం కూడా లేదు.

వీళ్లెవరో చూద్దాం. రీడర్‌ది పెద్ద చరిత్ర. 1983 నవంబర్‌లో హీత్రూ విమానాశ్రయం దగ్గర బ్రింక్స్-మ్యాట్ గోడౌన్‌లో 2 కోట్ల 60 లక్షల పౌండ్ల బంగారం దోచుకుపోతే, ఆ బంగారాన్ని చెలామణి చేసిన కేసులో అతనికి తొమ్మిదేళ్లు పడింది. పెర్కిన్స్ అదే ఏడాది ఈస్టర్ సోమవారం నగదు రవాణా చేసే సెక్యూరిటీ ఎక్స్‌ప్రెస్ కంపెనీ డిపోలో జరిగిన 60 లక్షల పౌండ్ల దోపిడీలో ఉన్నాడు. ఆ దోపిడీలో ఒక ఉద్యోగి మీద పెట్రోలు పోసి బెదిరించారు. పెర్కిన్స్‌కు 22 ఏళ్ల శిక్ష పడింది, మధ్యలో జైలు నుంచి జారుకుని ఏళ్ల తరబడి పరారీలో ఉండి మళ్లీ దొరికాడు. 1983 దోపిడీ నాడు అతని 35వ పుట్టినరోజు, హాటన్ గార్డెన్ వాల్ట్‌లోకి రెండోసారి వెళ్లిన శనివారం అతని 67వ పుట్టినరోజు. షుగర్ ఉండటంతో ఇన్సులిన్ కూడా వెంట పెట్టుకుని వెళ్లాడు. కాలిన్స్‌కు 74 ఏళ్లు, ఎదురు భవనంలో కాపలా కూర్చోబెడితే నిద్రపోయాడని మిగతావాళ్లే తర్వాత వాపోయారు.

అనుభవం వీళ్లకి నేర్పింది ఒకటుంది, అది మాత్రం పక్కాగా అమలు చేశారు. ఇంగ్లండ్ చట్టంలో ఆయుధంతో బెదిరించి దోచుకుంటే యావజ్జీవం దాకా పడొచ్చు. మనుషులు లేని వ్యాపార భవనంలో కన్నం వేసి ఎత్తుకుపోతే, ఎంత పెద్ద మొత్తమైనా, గరిష్ఠ శిక్ష పదేళ్లే. పెర్కిన్స్ జీవితంలోనే ఈ తేడా కొలిచి చూడొచ్చు. 1983 దోపిడీకి 22 ఏళ్లు, 2015 కన్నానికి 7 ఏళ్లు. తుపాకీ లేదు, మనిషి లేడు, ఎవరికీ దెబ్బ తగల్లేదు అని జనం వీళ్లను మెచ్చుకున్నారు గానీ, అందులో మంచితనం కంటే లెక్కే ఎక్కువ ఉందనిపిస్తుంది.

ఇక దొరికిపోయిన తీరు చూద్దాం. మంగళవారం కన్నం బయటపడ్డాక పోలీసులకు వాల్ట్‌లో పనికొచ్చే ఆనవాళ్లు పెద్దగా దొరకలేదు. వేలిముద్రలు, డీఎన్‌ఏ విషయంలో ముఠా జాగ్రత్తగా ఉంది, భవనంలోని సీసీటీవీ రికార్డింగ్ డిస్కులు కూడా ఎత్తుకుపోయారు. జోన్స్ ఇంట్లో తర్వాత ఫోరెన్సిక్ శాస్త్రం మీద ప్రారంభకుల కోసం రాసిన పుస్తకం ఒకటి దొరికింది. అంటే గది లోపల ఏమీ వదలకూడదన్న పాఠం వాళ్లు బాగానే చదువుకున్నారు. కానీ వీధిలో ఉన్న వందల కెమెరాల సంగతి, కారు నంబరును దానంతట అదే చదివి దాచిపెట్టే కెమెరాల సంగతి వాళ్ల లెక్కలోకి సరిగ్గా రాలేదు. కాలిన్స్ తన సొంత కారు, నల్ల టాప్ ఉన్న తెల్ల మెర్సిడెస్ వేసుకుని ఆ వీధుల్లో తిరిగాడు. ఆ రంగుల కలయికే గుర్తుపట్టేలా ఉంటుంది. గంటల కొద్దీ ఫుటేజీ చూసిన, దోపిడీ కేసులు చూసే ఫ్లయింగ్ స్క్వాడ్ పోలీసులకు ఆ కారు తగిలింది, కారు నుంచి కాలిన్స్ పేరు వచ్చింది, కాలిన్స్ ఫోను కాల్స్ నుంచి మిగతావాళ్లంతా వచ్చారు.

పాత ఖైదీ అన్న సంగతి శాపంగా మారేది సరిగ్గా ఇక్కడ. ఏ చరిత్రా లేని మనిషి కారు ఒకటి ఆ రాత్రి ఆ వీధిలో కనిపిస్తే అది వందల కార్లలో ఒక కారు. అదే కారు పోలీసు రికార్డులో ఉన్న పాత దొంగది అయితే, అతను ఫోను చేసిన మనిషి 1983 దోపిడీలో 22 ఏళ్ల శిక్ష పడినవాడైతే, వాళ్లిద్దరూ కలిసే మూడో మనిషి బ్రింక్స్-మ్యాట్ రీడర్ అయితే, ఇక పోలీసులు ఊహించాల్సింది ఏముంటుంది? థ్రిల్లర్లలో పాత ముఠా మళ్లీ కలవడం ఉత్సాహంగా ఉంటుంది. నిజంలో ఆ కలయికే సగం సాక్ష్యం.

మిగతా సగం వాళ్ల నోరే ఇచ్చింది. అనుమానం బలపడ్డాక పోలీసులు వెంటనే అరెస్టు చెయ్యలేదు, ఓపిక పట్టారు. కాలిన్స్ మెర్సిడెస్‌లో, పెర్కిన్స్ కారులో రహస్యంగా మైకులు పెట్టారు. ఇజ్లింగ్టన్‌లో వాళ్లు కూర్చునే పబ్‌లో నిఘా పెట్టి వీడియో తీశారు, పెదవుల కదలికను బట్టి మాటలు చదివే నిపుణుల సాయం తీసుకున్నారు. ఆ కార్లలో వాళ్లు మాట్లాడుకున్నది వింటే కన్నం ఎలా వేశారో, పంపు ఎలా చెడిందో, ఎవరు పారిపోయారో, కాపలావాడు ఎలా నిద్రపోయాడో అంతా ఉంది. తన వాటా బంగారం కరిగించి ముసలితనంలో పెన్షన్‌లా వాడుకుంటానని పెర్కిన్స్ చెప్పుకున్నాడు. ముప్పై ఏళ్ల కిందట పోలీసులంటే తలుపు తట్టేవాళ్లు, ఫోను వినేవాళ్లు. అందుకే ఫోనులో జాగ్రత్తపడ్డారు, దొంగతనం రాత్రి వాకీటాకీలు వాడారు. సొంత కారులో కూర్చుని మాట్లాడితే భద్రమేనని నమ్మారు. అసలు అంతపని చేసి ఎవరికీ చెప్పుకోకుండా ఉండటం మనిషికి చాలా కష్టం, పైగా వినేవాడు కూడా అందులో పాల్గొన్నవాడే అయితే ఇంకా కష్టం. 2015 మే 19న, సొత్తును పంపకాల కోసం ఎన్‌ఫీల్డ్‌లో ఒక ఇంటికి చేర్చిన రోజున పోలీసులు ఒకేసారి చాలా చోట్ల దాడి చేసి పట్టుకున్నారు. అంటే కన్నం వేసిన తర్వాత ఏడు వారాలైనా కాకుండానే కథ ముగిసింది.

అరెస్టయ్యాక కూడా జోన్స్ ఒక ఎత్తు వేశాడు. తన వాటా ఎక్కడ దాచానో చూపిస్తానని పోలీసులను ఎడ్మంటన్ శ్మశానానికి తీసుకెళ్లి ఒక సమాధి దగ్గర చిన్న మూట చూపించాడు, ఇంతే, ఇంకేం లేదన్నాడు. అదే శ్మశానంలో ఇంకో సమాధి రాయి కింద అతను దాచిన పెద్ద మూటను పోలీసులు అప్పటికే వారం ముందు తీసేసుకున్నారు, ఆ మాట అతనికి చెప్పకుండా వెంట వెళ్లారు.

పోలీసుల పనితనం గురించి ఇంత చెప్పుకున్నాక, వాళ్ల పొరపాటు కూడా చెప్పుకోవాలి. ముఠా అలారం తీగలు కోసినా, గురువారం అర్ధరాత్రి దాటాక ఒక సిగ్నల్ మాత్రం బయటికి వెళ్లింది. అలారం కంపెనీ పోలీసులకు ఫోను చేసింది. ఆ కాల్‌కు మనుషుల్ని పంపక్కర్లేదు అన్న గ్రేడు పడింది. తర్వాత లండన్ పోలీసు శాఖ దీనికి క్షమాపణ కూడా చెప్పుకుంది. భవనం కాపలాదారు మాత్రం వచ్చాడు, బయటి తలుపు చూశాడు, సందులోంచి లోపలికి తొంగిచూశాడు, అంతా మామూలుగానే ఉందనుకుని వెళ్లిపోయాడు. ఆ సమయంలో ముఠా బేస్‌మెంట్‌లోనే ఉంది.

లండన్‌కి ఇది కొత్త కాదు. 1971 సెప్టెంబర్‌లో బేకర్ స్ట్రీట్‌లో ఒక లాయిడ్స్ బ్యాంకు వాల్ట్‌లోకి దగ్గర్లోని తోలు సామాన్ల దుకాణం అద్దెకు తీసుకుని సొరంగం తవ్వి వెళ్లారు. రేడియో హాబీ ఉన్న ఒకతను దొంగల వాకీటాకీ మాటలు ఇంట్లో కూర్చుని విన్నాడు, రికార్డు చేశాడు, పోలీసులకు చెప్పాడు. వాళ్లు చుట్టుపక్కల పది మైళ్లలో 750 బ్యాంకులు తనిఖీ చేశారు. దొంగలు లోపల ఉన్న ఆ బ్యాంకుకి కూడా వెళ్లారు. వాల్ట్ తలుపు చెక్కుచెదరకుండా ఉంది, టైమ్ లాక్ ఉంది కాబట్టి తెరిచి చూడటం కుదరదు, సరేనని వెళ్లిపోయారు. నలభై నాలుగేళ్ల తేడాతో రెండుసార్లూ అందరూ తలుపునే చూశారు, రెండుసార్లూ దొంగలు తలుపు వాడలేదు. పాత దొంగల అనుభవం ఎక్కడ గెలిచిందీ అంటే ఇక్కడ. భద్రతను నమ్మే మనుషుల కళ్లు ఎటు పోతాయో వాళ్లకి బాగా తెలుసు.

సొత్తు బయటికి తేవడం ఒక విద్య, తెచ్చాక బతకడం వేరే విద్య అన్నదానికి ఐరోపాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2003 ఫిబ్రవరిలో బెల్జియంలోని యాంట్‌వెర్ప్ వజ్రాల కేంద్రంలో జరిగిన దొంగతనం హాటన్ గార్డెన్ కంటే ఎన్నో రెట్లు పెద్దది, పది కోట్ల డాలర్లు దాటిందని అంచనా. లియోనార్డో నోటర్‌బార్టోలో అనే ఇటలీ మనిషి రెండేళ్లకు పైగా వజ్రాల వ్యాపారిగా అదే భవనంలో ఆఫీసు నడిపి మరీ లోగుట్టు తెలుసుకున్నాడు. అయస్కాంత సెన్సర్, వేడిని పసిగట్టే సెన్సర్, అన్నీ దాటారు. తిరిగి వెళ్తూ దారిలో రోడ్డు పక్కన పారేసిన చెత్తలో వజ్రాల కేంద్రం కవర్లు, రసీదులు, సగం తిన్న శాండ్‌విచ్ దొరికాయి. శాండ్‌విచ్ మీద డీఎన్‌ఏ చాలింది. అతనికి పదేళ్ల శిక్ష పడింది, వజ్రాల్లో చాలా భాగం మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

ఈ వయసులో ఇంత పని చేశారా అని హాటన్ గార్డెన్ ముఠాను పత్రికలు ముద్దు చేశాయి. ఈ ముద్దు దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. పోయిన సొత్తు ఏదో పెద్ద బ్యాంకుది కాదు. విడివిడిగా వ్యాపారులది, కుటుంబాలది. అందులో బీమా లేనివాళ్లు ఉన్నారు, రిటైర్ అయ్యాక అమ్ముకుని బతుకుదామని దాచుకున్న రాళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. లాకర్లో ఏముందో కంపెనీకి తెలియదు, తెలియకుండా ఉండటమే లాకరు పద్ధతి, కాబట్టి పోయాక ఇంత పోయిందని రుజువు చేసుకోవడం పోగొట్టుకున్నవాడి పని. ఆ లాకర్ల కంపెనీ కూడా కొన్ని నెలలకే మూతపడింది.

ఈ ఒక్క విషయం తెలుగు ఇళ్లకు నేరుగా తగులుతుంది, ఎందుకంటే ఇంట్లో బంగారం బ్యాంకు లాకర్లో పెట్టేస్తే ఇక నిశ్చింత అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చిన నిబంధనల ప్రకారం, 2022 జనవరి నుంచి, దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగుల మోసం లాంటి వాటివల్ల లాకర్లో సొత్తు పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లు. అద్దె మూడు వేలైతే మూడు లక్షలు. లోపలున్న నగల విలువ ముప్పై లక్షలైనా అంతే. లోపలి వస్తువులకు బ్యాంకు బీమా చేయించదు. తాకట్టు బంగారం సంగతి వేరు. 2024 నవంబర్‌లో వరంగల్ జిల్లా రాయపర్తి ఎస్‌బీఐలో దొంగలు గ్యాస్ కట్టర్‌తో లాకర్ కోసి దాదాపు 19 కిలోల బంగారం ఎత్తుకుపోయినప్పుడు, అది రుణాల కోసం ఖాతాదారులు కుదవపెట్టిన బంగారం కాబట్టి ఎవరిది ఎన్ని గ్రాములో రికార్డులో ఉంది. సొంత లాకర్లో పెట్టుకున్న నగకు అలాంటి కాగితం ఏదీ ఉండదు, బిల్లులు, ఫొటోలు, తూకం వివరాలు ఎవరికి వాళ్లే దాచుకోవాలి, కావాలంటే బీమా విడిగా చేయించుకోవాలి.

మళ్లీ లండన్ సంగతికొస్తే, 2016 మార్చిలో శిక్షలు పడ్డాయి. పెర్కిన్స్, జోన్స్, కాలిన్స్‌లకు ఏడేళ్ల చొప్పున, వుడ్‌కు ఆరేళ్లు, మధ్యలో వెళ్లిపోయిన రీడర్‌కు ఆరేళ్ల మూడు నెలలు. అతను శనివారం రాకపోయినా కుట్రలో ఉన్నాడు కాబట్టి శిక్ష తప్పలేదు. అసలు దెబ్బ 2018 జనవరిలో తగిలింది. నేరం వల్ల వచ్చిన లాభం కక్కించే విచారణలో, మొత్తం సొత్తుకు నలుగురు పెద్దలూ ఉమ్మడి బాధ్యులని తేల్చి, కలిపి 2 కోట్ల 75 లక్షల పౌండ్లు కట్టాలని, లేకపోతే మళ్లీ ఏడేళ్ల దాకా జైల్లో ఉండాలని కోర్టు ఆదేశించింది. ఏడేళ్లే కదా అని వేసుకున్న లెక్క అక్కడ తప్పింది. ఆ తర్వాత కొద్దిరోజులకే పెర్కిన్స్ జైల్లో చనిపోయాడు. కట్టలేని కాలిన్స్‌కూ జోన్స్‌కూ ఆరేళ్ల పైచిలుకు అదనంగా పడింది.

ఇక మిగిలింది బాసిల్. ముఠాలో మిగతావాళ్లంతా ఏడు వారాల్లోపే దొరికితే అతను మూడేళ్ల పాటు దొరకలేదు. అతని అసలు పేరు మైకేల్ సీడ్, అలారాలు, ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనిషి. మిగతావాళ్లలా పేరుమోసిన దొంగ కాదు, అతని గతం తవ్వుకుంటూ వెళ్తే తగిలే పెద్ద దోపిడీ కేసు లేదు, ఉద్యోగం లేదు, ఇజ్లింగ్టన్‌లో స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే మామూలు కౌన్సిల్ ఫ్లాట్‌లో ఎవరి కంటా పడకుండా ఉండేవాడు. కెమెరాల్లో కనిపించింది విగ్గు, సంచీ మాత్రమే. మిగతావాళ్లు కారులో మాట్లాడుకున్నప్పుడు కూడా బాసిల్ అనే అన్నారు, అసలు పేరు ఎత్తలేదు. 2018 మార్చిలో పోలీసులు అతని ఫ్లాట్‌లోకి వెళ్లేసరికి వెయ్యికి పైగా బంగారు వస్తువులు, రాళ్లు, నగల ముక్కలు ఉన్నాయి. విలువ లక్షా 43 వేల పౌండ్లు. మూడేళ్లుగా ఇంట్లోనే కూర్చుని కొంచెం కొంచెంగా బంగారం కరిగిస్తూ, రాళ్లు విడదీస్తూ అమ్ముకుంటున్నాడు. 2019 మార్చిలో అతనికి పదేళ్లు పడింది. పోయిన సొత్తులో చాలా భాగం అప్పటికీ దొరకలేదు.